గాలి మర్మమెరిగిన ఆచార్యుడు

నోటుపుస్తకం నుండి చింపిన ఒక కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి, పై మూలలను నడిమి మడత వరకు దించి, అంచులను మరొక్కసారి వాల్చితే రెక్కలు ఏర్పడతాయి. నరసరావుపేటలోనో గురజాలలోనో కళాశాల మేడమీద నుండి దానిని మెల్లగా వదిలిన విద్యార్థికి అది విమానమే. మడతలు ముందుభాగాన చేరినందువల్ల దాని ముక్కు బరువెక్కుతుంది. ఆ బరువు లేని కాగితం గిరికీలు కొడుతూ నేలబడుతుంది. రెక్కల వెనుక అంచును వెంట్రుకవాసి పైకి వంచితే ముక్కు నేలకు గుచ్చుకోదు. ఇంజను లేదు, ఇంధనం లేదు. ఎత్తును కొద్దికొద్దిగా వ్యయం చేసి దూరాన్ని సంపాదించుకొంటుంది. ఎంత నున్నని కాగితమైనా గాలి దానిని ఒరుసుకొని వెనుకకు లాగుతూనే ఉంటుంది. కంటికి కానరాని ఆ ఘర్షణను కొలిచి చూపినవారిలో ఒకరు ఆచార్య సతీష్ ధావన్.

ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో గణిత, భౌతికశాస్త్రాలతో పట్టా పొంది, ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చేసి, అటుపిమ్మట మెకానికల్ ఇంజనీరింగు చదివారు. ఇటువంటి చదువుల కలయిక ఏ కాలంలోనైనా అరుదే. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1947లో ఎం.ఎస్. పూర్తిచేసి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హాన్స్ లీప్‌మన్ వద్ద పరిశోధన సాగించి 1951లో డాక్టరేటు అందుకొన్నారు. చదునైన పలకలో చిన్న ముక్కను విడదీసి, దానిని స్వేచ్ఛగా కదలనిచ్చి, వేగంగా ప్రవహించే గాలి దానినెంత బలంతో లాగుతున్నదో నేరుగా కొలవడం ఆయన పరిశోధనలోని కీలకం. చెప్పడానికి తేలికే గాని, అంత స్వల్పమైన బలాన్ని తప్పు లేకుండా పట్టుకోవడానికి అపారమైన ఓర్పు కావాలి.

ఆ ఏడే ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. విమానం కదలక నిలిచి ఉండగా గాలియే దాని మీదుగా పరుగెత్తే వాయు సొరంగాలను తక్కువ వ్యయంతో నిర్మింపజేశారు. 1962లో ఆ సంస్థకు సంచాలకులయ్యారు. విక్రమ్ సారాభాయి మరణానంతరం, 1972లో, ఇస్రో అధ్యక్ష పదవి ఆయనను వరించింది. బెంగళూరు సంస్థను విడిచిపెట్టనన్న షరతుతోనే దానిని స్వీకరించారు.

ఆయన వ్యక్తిత్వానికి నిజమైన పరీక్ష తెలుగు గడ్డమీదనే ఎదురైంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువుగల ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు నింగికెగసింది. రెండవ దశలో నియంత్రణ వ్యవస్థ విఫలమై, కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో కూలిపోయింది. ఏళ్ళ తరబడి ఎందరో చేసిన శ్రమ నీటిపాలయింది. ప్రయోగానికి సారథి ఎ.పి.జె. అబ్దుల్ కలాం. పత్రికలవారు ప్రశ్నలతో సిద్ధంగా ఉన్నారు. కలాంను ముందుకు నెట్టి తాను చాటున ఉండడం ధావన్‌కు కష్టమేమీ కాదు. ఆయన ఆ పని చేయలేదు. పత్రికల వారి ఎదుట తానే నిలిచి, వైఫల్యానికి బాధ్యత తనదేనని ఒప్పుకొని, తన సహచరులపై సంపూర్ణ విశ్వాసం ప్రకటించారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఈసారి మాత్రం విలేకరుల సమావేశాన్ని నిర్వహించమని కలాంను పంపారు. కలాం ఈ సంగతిని జీవితాంతం చెబుతూనే వచ్చారు.

1984లో ఇస్రో పదవి నుండి తప్పుకొన్నా ధావన్‌కు గాలిమీద మక్కువ తీరలేదు. రాకెట్ల మనిషి పక్షుల వైపు మళ్ళారు. మండువేసవి మధ్యాహ్నం మాచర్ల బండనేలలు కాగి, వేడిగాలి పైకి లేచే వేళ గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ కొండంత ఎత్తుకు చేరుకోవడం పల్నాటివారెరిగినదే. నిజానికి అది కూడా కాగితపు విమానంవలె గాలిలో కిందికి జారుతూనే ఉంటుంది; తాను జారే వేగంకన్నా గాలి లేచే వేగం అధికం కావడంచేత పైకి పోతుంది. పక్షులు ఎగిరే తీరులోని ఇటువంటి శాస్త్రాన్ని వివరిస్తూ ధావన్ ఆంగ్లంలో రచించిన గ్రంథం 1991లో వెలువడింది. శ్రీహరికోటను ఆనుకొని ఉన్న పులికాట్ సరస్సు, వేలాది పక్షులకు ఆటపట్టు.

2002 జనవరి 3న ధావన్ బెంగళూరులో కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 5న శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు పెట్టారు.