దంత పరిశుభ్రతకు బడి పెట్టిన మహనీయుడు - డాక్టర్ ఆల్ఫ్రెడ్ ఫోన్స్



అంబేడ్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి మన సంచికల్లో ఎన్నోసార్లు చదువుకున్నాం. ఈసారి ఒక పళ్ళ డాక్టరు గారి జీవితం రాస్తున్నాం. పళ్ళ డాక్టరు గురించి ఎందుకని మీకు అనిపించవచ్చు. మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో పంటి నొప్పితో రాత్రంతా దవడ పట్టుకుని కూర్చున్న వాళ్ళు ప్రతి గదిలోనూ ఉండేవారు. వంటమనిషి దగ్గర లవంగం అడిగి తెచ్చుకుని పంటి కింద పెట్టుకోవడమే మాకు తెలిసిన వైద్యం. పన్ను పుచ్చక ముందే దానిని కాపాడుకోవచ్చని, ఆ పని నేర్పడానికి ఒక చదువు ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ చదువును మొదలుపెట్టిన వారే డాక్టర్ ఆల్ఫ్రెడ్ సివిలియన్ ఫోన్స్.

ఫోన్స్ గారు 1869లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, బ్రిడ్జిపోర్ట్ అనే పట్టణంలో జన్మించారు. తండ్రి సివిలియన్ ఫోన్స్ కూడా దంత వైద్యుడే. ఆ పట్టణానికి మేయరుగా కూడా పనిచేశారు. ఆల్ఫ్రెడ్ గారు 1890లో న్యూయార్క్ దంత వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని, సొంత ఊరికి వచ్చి తండ్రితో కలిసి వైద్యం మొదలుపెట్టారు.

ఆ కాలంలో దంత వైద్యమంటే పుచ్చిన పన్ను పీకడం, గుంత పడితే పూడ్చడం, పళ్ళు ఊడితే కట్టుడు పళ్ళు పెట్టడం. నొప్పి భరించలేనంత అయ్యాకే జనం వైద్యుని దగ్గరకు వచ్చేవారు. అలాంటి సమయంలో ఫిలడెల్ఫియాకు చెందిన డి.డి.స్మిత్ అనే దంత వైద్యుడు ఒక కొత్త మాట చెబుతున్నారు. పళ్ళ మీద పేరుకునే పాచిని, గారను క్రమం తప్పకుండా తీసివేస్తూ ఉంటే పళ్ళు, చిగుళ్ళు చెడిపోకుండా ఉంటాయన్నదే ఆయన సిద్ధాంతం. ఫోన్స్ గారు దానిని తమ రోగుల మీద కొన్నేళ్ళ పాటు స్వయంగా ఆచరించి చూశారు. ఫలితం కళ్ళకు కనిపించింది. అయితే ఒక చిక్కు వచ్చింది. ఒక్కొక్కరి పళ్ళు శుభ్రం చేయడానికి చాలా సమయం పడుతుంది. ఒక్క డాక్టరు ఆ పనే చేస్తూ కూర్చుంటే మిగిలిన వైద్యం ఎవరు చేయాలి?

ఆయన ఆసుపత్రిలో సహాయకురాలిగా ఐరీన్ న్యూమన్ అనే యువతి పనిచేసేవారు. ఆమె ఆయనకు బంధువు కూడా. 1906లో ఫోన్స్ గారు ఆమెకు ఈ పని నేర్పడం మొదలుపెట్టారు. ఊడిన పళ్ళ మీద ముందు సాధన చేయించారు. పరికరం పట్టుకునే తీరు, గార తీసే తీరు, పన్ను మెరుగు పెట్టే తీరు చేతికి వచ్చిన తరువాతే రోగుల దగ్గర కూర్చోనిచ్చారు. అలా ఆమె ప్రపంచంలో మొట్టమొదటి డెంటల్ హైజీనిస్టు అయ్యారు.

ఈ పని అందరికీ నచ్చలేదు. డాక్టరు పట్టా లేని స్త్రీ రోగి నోట్లో చేయి పెట్టడమేమిటని తోటి దంత వైద్యులలోనే అభ్యంతరాలు వచ్చాయి. ఫోన్స్ గారు వాదనలతో ఆగిపోలేదు. ఆ పనికి చట్టంలో చోటు కావాలని కృషి చేశారు. 1907లో కనెక్టికట్ దంత వైద్య చట్టాన్ని సవరించినప్పుడు, శిక్షణ లేనివారు దంత వైద్యం చేయరాదంటూనే, సహాయకులు పళ్ళు శుభ్రం చేయడానికి అవకాశం ఇచ్చారు.

ఒక్కరికి నేర్పితే ఒక్క ఆసుపత్రికే ఉపయోగం. ఊరి పిల్లలందరి పళ్ళూ బాగుండాలంటే ఎంతోమంది కావాలి. అందుకని 1913 నవంబరు 17న ఫోన్స్ గారు ఒక బడి ప్రారంభించారు. దానికి పెద్ద భవనమేమీ లేదు. తమ ఆసుపత్రి పక్కన ఉన్న గుర్రపు బండ్ల షెడ్డునే తరగతి గదిగా మార్చారు. షెడ్డులో పెట్టిన బడే కదా అని పాఠాలను మాత్రం తేలిక చేయలేదు. పేరున్న విశ్వవిద్యాలయాల నుండి ఆచార్యులను, నిపుణులను పిలిపించి శరీర నిర్మాణం, సూక్ష్మజీవులు, ఆహారం, పరిశుభ్రత వంటి విషయాలన్నీ చెప్పించారు. ఆ తరువాతే చేతిపని.

మొదటి బ్యాచిలో బడి పంతులమ్మలు, నర్సులు, దంత వైద్యుల దగ్గర పనిచేసే సహాయకులు, కొందరు దంత వైద్యుల భార్యలు కూడా చేరారు. 1914లో 27 మంది చదువు పూర్తి చేసుకుని బయటకు వచ్చారు. వీరిని దంత నర్సులు అని పిలవడం ఫోన్స్ గారికి ఇష్టం లేదు. నర్సు అంటే జబ్బు గుర్తుకు వస్తుంది, వీరి పని జబ్బు రాకుండా చూడడం కనుక హైజీనిస్టు అనే పేరే సరైనదని ఆయన భావించారు.

వీరిలో చాలామందికి బ్రిడ్జిపోర్ట్ పాఠశాలల్లోనే పని దొరికింది. చిన్న తరగతుల పిల్లల పళ్ళు శుభ్రం చేశారు. తరగతి గదిలో పిల్లలందరి చేత బ్రష్షుతో తోమించి నేర్పారు. తల్లిదండ్రులకు బొమ్మలు చూపించి ఉపన్యాసాలు ఇచ్చారు. పళ్ళు మూసి ఉంచి, పైపళ్ళు కిందిపళ్ళు కలిపి గుండ్రంగా బ్రష్షు తిప్పుతూ తోమే పద్ధతిని ఈనాటికీ ఫోన్స్ పద్ధతి అంటారు. చిన్న పిల్లలకు తేలికగా వస్తుందని దానినే నేర్పుతుంటారు. మన మూడో తరగతి తమ్ముళ్ళకు రేపు పొద్దున్నే కుళాయి దగ్గర మీరే నేర్పవచ్చు.

1915లో కనెక్టికట్ రాష్ట్రం హైజీనిస్టులకు లైసెన్సు ఇచ్చే చట్టం చేసింది. 1917లో మొదటి లైసెన్సు ఐరీన్ న్యూమన్ గారికి దక్కింది. షెడ్డు బడి మూడు బ్యాచిలతో ముగిసింది. ఈలోగా ఇతర నగరాల విద్యాసంస్థలు ఈ కోర్సును చేపట్టాయి. ఫోన్స్ గారు 1916లో నోటి పరిశుభ్రతపై పాఠ్యపుస్తకాన్ని కూడా వెలువరించారు. 1923లో హైజీనిస్టులు తమకంటూ జాతీయ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. పట్టా వచ్చాక కూడా కొత్త విషయాలు నేర్చుకుంటూనే ఉండాలన్నది ఈ వృత్తిలో నియమంగా మారింది. అమెరికాలో లైసెన్సు కొనసాగాలంటే దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ నిర్ణీత గంటల శిక్షణ తీసుకోవలసిందే. ఫోన్స్ గారు 1938లో కన్నుమూశారు. 1949లో బ్రిడ్జిపోర్ట్ విశ్వవిద్యాలయంలో ఆయన పేరుతోనే హైజీనిస్టుల విద్యాలయం వెలసింది.

మన దేశంలో 1948 నాటి దంత వైద్యుల చట్టం హైజీనిస్టును ప్రత్యేక వృత్తిగా గుర్తించి, వారి పేర్ల నమోదుకు రిజిస్టరు పెట్టింది. ఇంటర్ సైన్సు చదివినవారు చేరే డిప్లొమా కోర్సు ఉంది. అయినా మన హాస్టళ్ళలో బైపీసీ చదివే పిల్లలకు ఎంబీబీఎస్, బీడీఎస్ తప్ప వేరే పేరు తెలియదు. ఆ సీటు రాకపోతే జీవితం అయిపోయిందనుకుని పుస్తకాలు అటక మీద పడేసిన వాళ్ళు మా బ్యాచిలోనే ఉన్నారు.

మా మిత్రుడొకడు మాత్రం ఎవరో చెబితే ఇలాంటి కోర్సు అని ఒక సంస్థలో చేరాడు. వాళ్ళ నాన్న మేకలు అమ్మి ఫీజు కట్టాడు. తీరా ఏడాది గడిచాక ఆ సంస్థకు గుర్తింపు లేదని, అక్కడి సర్టిఫికెట్టుతో ఎక్కడా పేరు నమోదు కాదని తెలిసింది. ఆ సంవత్సరమూ, ఆ డబ్బూ తిరిగి రాలేదు. ఐరీన్ న్యూమన్ గారికి పని వచ్చిన తరువాత కూడా లైసెన్సు కోసం ఫోన్స్ గారు ఎందుకంత పాటుపడ్డారో మాకు అప్పుడు అర్థమయింది. పని నేర్చుకోవడం ఎంత ముఖ్యమో, ఆ పనికి గుర్తింపు ఉండడం అంత ముఖ్యం. కాబట్టి ఏ కోర్సులో చేరే ముందైనా దాని గుర్తింపు ఏమిటో, పేరు ఎక్కడ నమోదవుతుందో అడిగి తెలుసుకోండి. అడగడానికి సిగ్గుపడకండి. తెలియకపోతే పూర్వ విద్యార్థులం మేమున్నాం, మమ్మల్ని అడగండి.

రేకుల షెడ్లలో చదువుకున్న వాళ్ళం మనం. గుర్రపు బండ్ల షెడ్డులో పుట్టిన చదువు ఒక వృత్తిగా నిలబడి లోకమంతా పాకింది. చోటు చిన్నదని చదువును చిన్నచూపు చూడకుండా ముందుకు సాగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.

- హాస్టల్ పూర్వ విద్యార్థులు