పత్తిచేల నుంచి విమానం దాకా: బెస్సీ కోల్‌మన్

పైలట్ అవ్వాలంటే ముందు లక్షలు ఉండాలి, చదువు సంగతి తర్వాత అని మన హాస్టల్లో చాలామంది అంటారు. అందులో అబద్ధం లేదు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ప్రతి గంటకూ డబ్బు కట్టాలి. అయినా ఒకపక్క పని చేసుకుంటూ ఆ విద్య కోసం కూడబెట్టిన ఒక కూలివాళ్ళ అమ్మాయి గురించి మన సంచికలో రాయాలనిపించింది. ఆమె పేరు బెస్సీ కోల్‌మన్.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని అట్లాంటా అనే చిన్న ఊళ్ళో 1892 జనవరి 26న ఆమె పుట్టింది. పదముగ్గురు పిల్లల్లో పదోది. తల్లిదండ్రులు నల్లజాతివారు, ఇతరుల భూమిని కోరుకు చేసేవారు. తండ్రికి అక్కడి ఆదివాసి మూలాలు కూడా ఉన్నాయి. 1901లో ఆయన ఇల్లు విడిచి ఓక్లహోమా వైపు వెళ్ళిపోయాడు. తల్లి సుసాన్ ఇళ్ళలో పనిచేసి పిల్లల్ని పెంచింది. బడి నాలుగు మైళ్ళ దూరం, అందులో అన్ని తరగతులకూ కలిపి ఒకటే గది. పత్తి తీత వస్తే బడి బంద్. పర్చూరు, మార్టూరు వైపు నుంచి వచ్చిన మన తమ్ముళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. బెస్సీ లెక్కల్లో గట్టిది. ఏరిన పత్తికి ఇంటివాళ్ళ తరఫున లెక్క చూసేది ఆమే.

1910లో కూడబెట్టిన డబ్బుతో ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్‌లో నల్లజాతివారి కళాశాలలో చేరింది. ఒక్క టర్ము గడిచేసరికి డబ్బు అయిపోయింది. తిరిగొచ్చి బట్టలు ఉతికే పనిలో పడింది. చాలామంది కథ ఇక్కడితో ఆగిపోతుంది.

కొన్నేళ్ళకు అన్నల దగ్గరకు షికాగో నగరం వెళ్ళింది. ఒక సెలూన్లో మగవాళ్ళ గోళ్ళు కత్తిరించి మెరుగు పెట్టే పని చేసింది. ఆ సంపాదన చాలక, మిరప వేసి వండే కూర అమ్మే చిన్న హోటల్లో రెండో పని చూసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన అన్న జాన్, ఫ్రాన్సులో ఆడవాళ్ళు విమానాలు నడుపుతున్నారనీ, నీవల్ల కాదనీ ఆమెను ఆటపట్టించేవాడు. అది ఆమె మనసులో నాటుకుంది. అమెరికాలో ఏ విమాన శిక్షణ పాఠశాలా ఆమెను చేర్చుకోలేదు. నల్లజాతి కావడం ఒకటి, స్త్రీ కావడం రెండోది.

షికాగో డిఫెండర్ పత్రిక స్థాపకుడు రాబర్ట్ అబాట్ ఆమెను ఫ్రాన్సు వెళ్ళమన్నాడు. ఆమె పని మానకుండానే ఫ్రెంచి నేర్చుకుంది. తన సంపాదనతోనే సముద్రం దాటిందని కొందరు చెబుతారు గానీ అది సగం నిజమే. అబాట్, బ్యాంకరు జెస్సీ బింగా సాయం చేశారు. సాయం అందింది కదా అని ఆమె కష్టం చిన్నదైపోదు. మనమూ స్కాలర్‌షిప్పు మీద చదివినవాళ్ళమే కదా!

1920 నవంబరులో ఓడ ఎక్కింది. లె క్రోతుయ్ అనే ఊళ్ళో కోద్రోన్ సోదరుల పాఠశాలలో ఏడు నెలలు నేర్చుకుంది. ఆ విమానానికి స్టీరింగు చక్రం లేదు, బ్రేకులు లేవు. చేతిలో ఒక కర్ర, కాళ్ళ కింద ఒక అడ్డబద్ద, అంతే. తోటి విద్యార్థి ప్రమాదంలో చనిపోవడం కళ్ళారా చూసి కూడా మానలేదు. 1921 జూన్ 15న లైసెన్సు వచ్చింది. నల్లజాతి అమెరికన్ స్త్రీలలో అదే మొదటిది.

లైసెన్సు వచ్చింది గానీ ఉద్యోగం ఎక్కడిది? విమాన విన్యాసాలు చూపి డబ్బు సంపాదించడం ఒక్కటే దారి. మరోసారి యూరపు వెళ్ళి ఆ విద్యా నేర్చుకుంది. 1922 సెప్టెంబరు 3న న్యూయార్క్ దగ్గర మొదటి ప్రదర్శన ఇచ్చింది. 1923లో కాలిఫోర్నియాలో విమానం కూలి కాలు, పక్కటెముకలు విరిగాయి. కోలుకుని మళ్ళీ ఎగిరింది. తను పెరిగిన వాక్సహాచీ ఊళ్ళో ప్రదర్శన పెట్టినప్పుడు తెల్లవారికి ఒక గేటు, నల్లవారికి ఒక గేటు అంటే ఒప్పుకోలేదు. గేటు ఒకటే పెట్టించింది. లోపల కూర్చునే చోట్లు మాత్రం వేరుగానే ఉన్నాయి. నాకైతే ఆమె విన్యాసాలన్నిటికన్నా ఆ గేటు సంగతే పెద్దదనిపిస్తుంది.

తనవాళ్ళకు విమాన శిక్షణ పాఠశాల పెట్టాలని ఆమె ఆశ. దానికి డబ్బు కోసం ఫ్లోరిడాలో బ్యూటీ పార్లర్ కూడా తెరిచింది. 1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో మర్నాటి ప్రదర్శనకు స్థలం చూసుకుంటూ, కిందికి వంగి చూడటానికి వీలుగా బెల్టు పెట్టుకోలేదు. విమానం నడుపుతున్నది మెకానిక్ విలియం విల్స్. విమానం ఒక్కసారిగా తలకిందులైంది, ఆమె పడిపోయి చనిపోయింది. విల్స్ కూడా బతకలేదు. ఒక రెంచి జారి యంత్రంలో ఇరుక్కుందని తర్వాత తేలింది. ఆమెకు 34 ఏళ్ళు.

పాఠశాల పెట్టకుండానే వెళ్ళిపోయింది. 1929లో విలియం పావెల్ అనే ఆయన లాస్ ఏంజెల్స్‌లో ఆమె పేరుతో ఫ్లయింగ్ క్లబ్బు పెట్టి నల్లజాతివారికి నేర్పించాడు. అక్కడి పెద్ద విమాన కంపెనీల తలుపులు మాత్రం ఇంకా చాలాకాలం మూసే ఉన్నాయి. మార్లన్ గ్రీన్ అనే నల్లజాతి పైలట్ కాంటినెంటల్ కంపెనీ మీద పోరాడితే, 1963లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. 1965లో అతను ఆ కంపెనీ విమానం నడపడం మొదలుపెట్టాడు. బెస్సీకి లైసెన్సు వచ్చి అప్పటికి 44 ఏళ్ళు.