కోడి రామమూర్తి నాయుడు: ఊపిరియు నెత్తురును

కలియుగ భీముడని తెలుగువారు పిలుచుకొన్న కోడి రామమూర్తి నాయుడు 1880 దాటిన తొలి సంవత్సరములలో వీరఘట్టమున జన్మించెను. ఆ యూరు చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనమందే తల్లి గతించుటచే బాలుడు విజయనగరమున పినతండ్రి నారాయణస్వామి యింట పెరిగెను. అచ్చటి తాలింఖానాయే అతనికి నిజమైన బడి యైనది. దండీలు, బస్కీలు, కుస్తీ, వానితోపాటు ప్రాణాయామము నిత్యకృత్యము లైనవి.

అనంతరము మద్రాసు సైదాపేటలో ఒక యేడు వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు తిరిగి వచ్చి, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడుగా చేరెను. కొంతకాలమునకు సర్కసు సంఘమును నెలకొల్పి దేశమంతయు తిరిగెను. ఊపిరి బిగబట్టి రొమ్ము నుబ్బించి, చుట్టిన ఇనుపగొలుసును తెంచుట, ఏనుగును రొమ్ముపై నిలుపుకొనుట, కదలబోవు మోటారుకార్లను గొలుసులతో పట్టి ఆపుట ఆయన ప్రదర్శనలలో పేరు గన్నవి. ఇంగ్లాండు వెళ్లినప్పుడు ఐదవ జార్జి చక్రవర్తి మెచ్చి, ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదు నొసగె నందురు.

ఈ బలమంతయు ఊపిరిలోనే దాగియున్నదని నాటి ప్రేక్షకులు తలచిరి. అందు కొంత నిజము కలదు, కొంత లేదు. పీల్చిన గాలిలోని ప్రాణవాయువు ఊపిరితిత్తులలో నెత్తురున చేరును. ఎఱ్ఱకణములలోని హిమోగ్లోబిన్ అను పదార్థము దానిని మోయును. ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువులో ఇనుము గల స్థానములు నాలుగు. ఒక్కొక్క స్థానమున ఒక్కొక్క ప్రాణవాయు అణువు కూర్చుండును. ఆరోగ్యవంతుడు మామూలుగా శ్వాసించునప్పుడే ఈ స్థానములు నూటికి 95కు పైగా నిండియుండును. కావున ఎంత గట్టిగా ఊపిరి పీల్చినను, నెత్తురు మోయు ప్రాణవాయువు మిక్కిలిగా పెరుగదు.

అట్లయిన రామమూర్తి బలమునకు మూల మేమి? బిగబట్టిన గాలి మొండెమును స్తంభమువలె గట్టిపఱచి, బరువున కోర్చుకొనునట్లు చేయును. కొద్ది క్షణముల మహాప్రయత్నమున కండరములు నిలువయున్న శక్తినే వాడుకొని, ఆ బాకీని పిదప రొప్పుచు తీర్చుకొనును. మిగిలినది ఏండ్ల సాధన. విశ్రాంతిలో గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల నెత్తురును నెట్టును. సాధకుని గుండె కఠినశ్రమలో 25 లీటర్లకు పైగా నెట్టగలదు. పనిచేయు కండరములో పుట్టు వేడిమియు, ఆమ్లమును, బొగ్గుపులుసు వాయువును హిమోగ్లోబిన్‌చే ప్రాణవాయువును విడిపించును. అడిగినచోటికే అన్నము వడ్డించినట్లు, శ్రమించు కండకే అది అధికముగా చేరును.

నెత్తురు చేరని చోట ఎంతటి బలవంతునికైనను రక్షణ లేదు. పుండు కుళ్లి రక్తప్రసారము నిలిచినచో, ప్రాణవాయువు అందక ఆ మాంసము చచ్చును. అపుడు అవయవమును తొలగించుట తప్ప వైద్యునికి వేఱు దారి యుండకపోవచ్చును. చివరి దినములలో కాలిమీది కురుపు ముదిరి రామమూర్తికి కాలు తీసివేయవలసి వచ్చెను. క్లోరోఫారము వలదని, ప్రాణాయామముతోనే ఆ బాధ నోర్చుకొనె నని చెప్పుకొందురు. కార్లను నిలిపిన వీరుడు 1942 జనవరిలో కన్నుమూసెను.

శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు ఆయన పేరు పెట్టిరి. అట్టి మైదానములలో పరుగెత్తు బాలబాలికలలో కొందఱు నాలుగడుగులకే రొప్పుచు, కనురెప్పల లోపల పాలిపోయి కనబడుదురు. వారిని సోమరులని కసరుట తగదు. ఇనుము చాలక హిమోగ్లోబిన్ తగ్గినచో, గాలి నిండుగ పీల్చినను మోయువారు చాలరు. అట్టి బిడ్డను గుర్తించి, రక్తపరీక్షకు పంపి, ఆకుకూరలు, పప్పులు, రాగులు, వైద్యుడు చెప్పిన ఇనుపమాత్రలు అందునట్లు చూచుట ఉపాధ్యాయుని పని. వ్యాయామోపాధ్యాయుడుగా జీవితము నారంభించిన రామమూర్తికి ఇంతకంటె తగిన స్మారకము లేదు.