హిమసీమను లోకమునకు చూపిన సుజుకి బొకుషి

తెలుగునాట మంచు అనగానే పుష్యమాసపు వేకువను పైరుల మీద నిలుచు నీటిచుక్కలు జ్ఞప్తికి వచ్చును. ప్రొద్దెక్కగనే అవి ఆరిపోవును. ఒక్క రాత్రిలో నడుమెత్తున కురిసి, వీథులను పూడ్చి, ఇండ్ల కప్పులను ముంచివేయు మంచును ఊహించుట మనకు కష్టము. ఆశ్చర్యమేమనగా, రెండువందల యేండ్లకు పూర్వము జపాను దేశమందే, ఆ మంచుసీమకు కొండల కావల వసించు మహానగరవాసులకును అది ఊహకందని విషయమై యుండెను. వారికి దానిని తెలియజేయవలెనని సుమారు నలువది యేండ్లు పాటుపడిన వర్తకుడొకడు గలడు. ఆతడే సుజుకి బొకుషి.

జపాను దేశపు ప్రధాన ద్వీపము పేరు హోన్షూ. దాని నడుమ వెన్నెముకవలె పర్వతములు బారులు తీరి యున్నవి. చలికాలమున సైబీరియానుండి వీచు గాలులు జపాను సముద్రముమీదుగా వచ్చుచు తేమను గ్రహించును. ఆ పర్వతములకు తాకి పైకి లేచి, చల్లబడి, ఆ తేమనంతయు మంచుగా పడమటి వైపుననే విడిచివేయును. తూర్పు వైపునకు దాటునది పొడిగాలి మాత్రమే. అందుచేత తూర్పుననున్న ఎడో నగరమున, అనగా నేటి టోక్యోలో, ఎండ కాయుచుండగా, పడమటనున్న ఎచిగో సీమలో మంచు పది అడుగులకు మించి పేరుకొనును. ఆ సీమయే నేటి నీగాటా మండలము.

ఎచిగోలోని షియొజావా గ్రామమున 1770వ సంవత్సరమున బొకుషి జన్మించెను. ఆ యూరు ఎడోకు పోవు రాజమార్గముపై బాటసారులు దిగు మజిలీ. అతని కుటుంబము తాకట్టు వ్యాపారమును, చిజిమి అను సన్నని నారవస్త్రముల వర్తకమును చేయుచుండెను. బాలుడు చిన్ననాటనే చదువునందును, చిత్రలేఖనమునందును, హైకూ రచనయందును ఆసక్తి చూపెను. అయినను ఇంటి వ్యాపారమును ఏనాడును ఉపేక్షించి యెరుగడు. పగలు అంగడి పనులు, రాత్రి దీపము వెలుగున పుస్తకములు, ఇదియే అతని దినచర్య.

19వ యేట, 1788లో, అతడు చిజిమి వస్త్రములను అమ్ముటకై తొలిసారి ఎడోకు పోయెను. అక్కడివారు తన సీమ మంచును గూర్చి ఏమియు ఎరుగరని గ్రహించి విస్మయము నొందెను. వారికి మంచు ఒక వేడుక. ఎప్పుడైన కొలదిగా కురిసినచో దానిని చూచి ఆనందించుచు విందులు చేసికొనువారు, కవితలల్లువారు. ఎచిగో వారికో, మంచు ఏటేట ఎదురుకొనవలసిన శత్రువు. కప్పుమీద పేరుకొన్న మంచును కొయ్యపారలతో త్రవ్వి తీయకున్న ఇల్లే కూలును. వీథిలో చేరిన మంచు ఇండ్లకంటె ఎత్తై నిలుచును. ఎదుటి ఇంటికి పోవలెనన్న దానిలో సొరంగము త్రవ్వుకొనవలెను. సంవత్సరమున సగము దినములు ఇట్లు గడపు జనులు తమ దేశముననే యున్నారని రాజధాని వారికి తెలియకుండుట బొకుషి మనస్సున ముల్లువలె నాటుకొనెను. తన సీమ బ్రతుకును బొమ్మలతో కూడిన గ్రంథముగా వెలువరింపవలెనని అతడు నిశ్చయించుకొనెను.

నిశ్చయించుట సులభము, నెరవేర్చుట కష్టమయ్యెను. మారుమూల పల్లెలోని వర్తకుని గ్రంథమును అచ్చువేయు వారెవరు? పేరుగల రచయిత అండ కావలెను. బొకుషి తన వ్రాతలను, చిత్రములను ఎడోలోని ప్రసిద్ధ రచయిత సాంతో క్యోదెన్‌కు పంపెను. అతడు సంతోషించెను గాని, వ్యయభారముచే పని ముందునకు సాగలేదు. పిమ్మట తకిజావా బాకిన్ అను మఱియొక మహారచయితను ఆశ్రయించెను. క్యోదెన్ చేపట్టిన పనిలో తాను తలదూర్చుట మర్యాద కాదని అతడు మొదట వెనుదీసెను. ఒసాకా నగర చిత్రకారుడు ఒకాదా గ్యొకుజాన్ అంగీకరించెను గాని పని ముగియకమునుపే మరణించెను. తరువాత పూనుకొన్న చిత్రకారుడు సుజుకి ఫుయో కూడ కాలధర్మము చెందెను. 1816లో క్యోదెన్ కన్నుమూసిన తరువాత బాకిన్ ఎట్టకేలకు సరే యనెను. బొకుషి సంతోషముతో మరల వ్రాసి, చిత్రించి పంపెను. అవి బాకిన్ కడ ఏండ్ల తరబడి పడియున్నవి. గ్రంథము మాత్రము వెలువడలేదు.

ఈ నిరీక్షణకాలముననే బొకుషి ఒక సాహసయాత్ర చేసెను. ఎచిగో, షినానో సీమల సరిహద్దున, లోతైన నదీలోయలో అకియామ అను కొండపల్లెలు గలవు. మంచు పడినచో ఆ పల్లెలకు బయటి లోకముతో సంబంధము తెగిపోవును. 1828వ సంవత్సరపు శరత్కాలమున, 59వ యేట, అతడు ఆ లోయకు పయనమై, ఇరుకు దారులు, ఒడుదొడుకు వంతెనలు దాటుచు సుమారు వారము దినములు సంచరించెను. పల్లెవారి ఇండ్లలో బసచేసి వారి ఆహారమును, వేషభాషలను, కొయ్యపనిని, వేటను గూర్చి అడిగి తెలిసికొనెను. 1780ల నాటి ఘోరమైన కరవులో జనులందరును నశించి పాడుపడిన పల్లె వృత్తాంతమును ఆలకించి వ్రాసికొనెను. దూరపు అకితా సీమనుండి వచ్చిన వేటగాండ్రతోను ముచ్చటించెను. ఆ పల్లెల బీదతనమును అతడు హేళన చేయలేదు. వారి నిష్కాపట్యమును, ఉన్నదానితో తృప్తి చెందు గుణమును మెచ్చుకొనెను. ఈ యాత్రా విశేషములను గ్రంథముగా కూర్చెను గాని, అది అతని జీవితకాలమున అచ్చు కాలేదు.

తుదకు క్యోదెన్ తమ్ముడు సాంతో క్యోజాన్ గ్రంథప్రకటనకు ముందుకు వచ్చెను. బాకిన్ మాత్రము తనకడ నున్న ప్రతిని తిరిగి యీయలేదు. వృద్ధుడైన బొకుషి నిరుత్సాహపడక మరల మొదటినుండి వ్రాయనారంభించెను. క్యోజాన్ ఆ వ్రాతలను సరిదిద్దెను; అతని కుమారుడు చిత్రములను సిద్ధపరచెను. 1837లో, బొకుషికి 68వ యేడు నడుచుచుండగా, తొలి భాగము వెలువడెను. దాని పేరు హొకుఎత్సు సెప్పు. ఉత్తర ఎచిగో మంచు వృత్తాంతమని దాని భావము. ఎడో నగరవాసులు దానిని ఆదరముతో కొని చదివిరి. కొన్ని యేండ్లకు రెండవ భాగమును వెలువడెను.

ఆ గ్రంథమున మంచురేణువుల ఆరుకోణముల ఆకృతులు బొమ్మలుగా నున్నవి. హిమపాతములు విరిగిపడు తీరు, కొయ్యతో చేసిన మంచుచెప్పులు, నదులలో చేపలు పట్టు విధము మున్నగునవి వర్ణింపబడినవి. మంచులోయలో పడి, ఎలుగుబంటి గుహలో దానిచెంతనే చలి బాపుకొని బ్రతికి వచ్చిన మనుష్యుని కథ గలదు. పసిబిడ్డతో పుట్టింటికి బయలుదేరిన యువదంపతులు మంచుతుపానులో చిక్కి ప్రాణములు విడువగా, తల్లి యెదలో దాగిన శిశువు మాత్రము బ్రతికిన కథ చదువరుల కన్నులు చెమర్చునట్లు చేయును.

చిజిమి నేతను గూర్చిన భాగము మిక్కిలి విలువైనది. ఆ నార పొడిగాలికి తెగిపోవును. మంచుకాలపు తేమగాలియే దానికి అనుకూలము. కనుక బయట అడుగు పెట్టలేని ఆ దినములలో స్త్రీలు మగ్గముల కడ కూర్చుండి నేయుదురు. ఎండకాయు దినములలో ఆ వస్త్రములను మంచుమీద పరచి తెల్లబరచుదురు. ఏ మంచు వారిని బంధించెనో, ఆ మంచే వారికి జీవనాధారము. తాను నేసిన వస్త్రముమీద మసిమరక కనబడగా దుఃఖముచే మతిచలించిన యువతి కథనును బొకుషి వ్రాసెను. సన్నని వస్త్రమును ధరించువారు దాని వెనుకనున్న కష్టమును ఎరుగవలెనని అతని కోరిక.

1842లో బొకుషి షియొజావాలోనే పరమపదించెను. అతని గ్రంథము మాత్రము నిలిచెను. నోబెల్ బహుమానము పొందిన కవబతా యసునారి తన మంచుసీమ నవలలో చిజిమి నేతను వర్ణించుటకు ఈ గ్రంథమునే ఆధారము చేసికొనెను. ఈ సీమ నారవస్త్రముల నేతవిద్యను 2009లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వముల జాబితాలో చేర్చెను. కొండలను తొలిచిన సొరంగములగుండా 1931 నుండి రైళ్లు నడుచుచున్నవి. నేడు టోక్యో వారు రెండు గంటలలోపే మంచుసీమను చేరి, మంచుపై జారు ఆటలాడి, వేడినీటి ఊటలలో స్నానము చేయుదురు. షియొజావాలో బొకుషి స్మారక ప్రదర్శనశాలయు గలదు.

బొకుషి యుద్ధములు గెలువలేదు, రాజ్యములు ఏలలేదు. తన యూరి బ్రతుకు పదిమందికి తెలియదగినదని నమ్మెను. ఆ నమ్మకమును అవరోధములెన్ని వచ్చినను విడువలేదు. వేడుకకై మంచును చూడవచ్చు యాత్రికునికి, ఆ మంచులో బ్రతుకు మనుష్యులను కూడ చూపిన ధన్యజీవి అతడు.