పీటరు చక్రవర్తి నౌకావిద్య

రాజులకు గురువులుండుట లోకమున సహజమే. కాని యొక మహారాజ్యమునకు అధిపతియైనవాడు సింహాసనము విడిచి, మారుపేరు పెట్టుకొని, పరదేశమున గొడ్డలి చేతబట్టి వడ్రంగులతో కలసి పనిచేయుట చరిత్రలో మిక్కిలి అరుదు. రష్యా దేశమునేలిన మొదటి పీటరు అట్టివాడు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకాస్థావరమున అతడు గడపిన దినములు కొలదియే. అచ్చట చూచినదానిని స్వదేశమున నిలుపుటకు మాత్రము అతనికి జీవితకాలము చాలలేదు.

పీటరు 1672లో మాస్కోలో జన్మించెను. నాలుగేండ్లయిన నిండకముందే తండ్రి మరణించెను. పదియేండ్ల ప్రాయమున, 1682లో, సవతి యన్న ఐవానుతోపాటు అతనికి పట్టము కట్టిరి. ఆ యేడే స్త్రెల్త్సీ యను రాజభటులు తిరుగబడి అతని బంధువులను కన్నులయెదుటనే చంపిరి. ఆ భయమును, ఆ పగను అతడెన్నడును మరువలేదు. రాజ్యాధికారము సవతి యక్క సోఫియా చేతిలో నుండగా, బాలుడు నగరము వెలుపలి పల్లెలలో ఆటలతోను చేతిపనులతోను పెరిగెను.

1688లో ఇజ్మైలవో గ్రామమున పాత సామానుల కొట్టులో అతనికొక చిన్న పడవ కనబడెను. అది ఇంగ్లీషు తరహా పడవయనియు, గాలికి ఎదురుగాను సాగగలదనియు టిమ్మర్మన్ అను డచ్చివాడు వివరించెను. గాలికి ఎదురేగు పడవ ఆ బాలుని మనస్సును పట్టివేసెను. అప్పటి రష్యాకు సముద్రవ్యాపారమునకు తగిన రేవు ఉత్తరాన అర్ఖాంగెల్స్క్ ఒక్కటే. సంవత్సరమున చాలకాలము అది మంచుచే మూసికొనిపోవును. బాల్టిక్ తీరము స్వీడను వారిది, నల్లసముద్రము తురుష్కులది. సముద్రమునకు త్రోవలేని రాజ్యమునకు లోకమునకును త్రోవ లేదని పీటరు గ్రహించెను. 1695లో అజోవ్ కోటను ముట్టడించి ఓడిపోవుటతో ఈ సంగతి మరింత స్పష్టమయ్యెను. కోటలోని వారికి సముద్రమార్గమున సాయమందుచుండగా, ఓడలు లేని రష్యను సైన్యము చూచుచు నిలువవలసివచ్చెను. ఆ చలికాలమున వొరోనెజ్ నదీతీరమున పడవలు కట్టించి, మరుసటి యేడు అతడా కోటను పట్టుకొనెను.

1697లో పీటరు ఒక మహారాయబారమును పశ్చిమ దేశములకు పంపెను. అందులో పీటర్ మిఖైలోవ్ అను పేరుతో సామాన్యునివలె తానును బయలుదేరెను. ఆరున్నర అడుగులకు మించిన ఆ మనిషి ఏ పేరు పెట్టుకొన్నను దాగుట యెట్లు? హాలండులోని జాన్‌డామ్‌లో జనము గుంపులు గుంపులుగా మూగుటచే వారము దినములకే అచ్చటినుండి లేచిపోవలసివచ్చెను. పిమ్మట ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల కార్ఖానాలో నాలుగు మాసములు వడ్రంగమునకు కుదిరి, ఒక ఓడ నిర్మాణమున పాల్గొనెను.

అయినను అతనికి తృప్తి కలుగలేదు. డచ్చి వడ్రంగుల చేతివాటము గొప్పదే. కాని ఓడ కొలతలు ఎందుకట్లుండవలెనని అడిగినచో వారు అనుభవమును చూపువారే గాని, పటముతోను గణితముతోను వివరింపలేకుండిరి. చేతిలోనున్న నేర్పు ఆ చేతితోనే పోవును; కాగితముపై గీసి, లెక్కగట్టి చూపగల విద్య దేశము దాటి పోగలదు. ఇంగ్లండులో ఆ విద్య కలదని విని, 1698 జనవరిలో అతడు లండను చేరెను.

రాజైన మూడవ విలియం అతనిని ఆదరించి ఒక చక్కని ఓడను కానుకగా నిచ్చెను. డెప్ట్‌ఫర్డ్ ఓడకార్ఖానా ప్రక్కన జాన్ ఈవ్లిన్ అను పండితుని గృహమున పీటరునకు విడిది ఏర్పడెను. పగలు నౌకాశాస్త్రము, రాత్రులు పానగోష్ఠులు. ఈవ్లిన్ ఎన్నో యేండ్లు పెంచుకొన్న పొదల కంచెలోనికి ఆ రాజబృందము చక్రపు తోపుడుబండిని తోలి పాడుచేసెనని ప్రతీతి. అతిథులు వెళ్ళిన పిమ్మట నష్టమును లెక్కవేయుటకు ప్రసిద్ధ శిల్పి క్రిస్టఫర్ రెన్ రావలసివచ్చెను. ఆ లెక్క సుమారు 350 పౌనులకు తేలెను. నేర్చుకొనుటలో అంతటి వినయముగలవాడు ఇతరుల సొత్తునెడల ఎట్టి మర్యాదయు నెరుగకుండెను.

ఆ మార్చి మాసమున అతడు పోర్ట్స్‌మత్‌కు ప్రయాణమయ్యెను. ఇంగ్లండు దక్షిణతీరమున ఇరుకైన ముఖద్వారము, లోపల విశాలమైన జలాశయముగల సహజమైన రేవది. ఎదుట వైట్ ద్వీపము పెట్టనికోటవలె నిలిచి, స్పిట్‌హెడ్ అను లంగరుస్థలమును పెనుగాలులనుండి కాపాడుచుండును. అచ్చట 1495లోనే ఏడవ హెన్రీ రాజు డ్రై డాకును కట్టించియుండెను. పీటరు వచ్చునాటికి ఎడ్మండ్ డమ్మర్ అను నిపుణుని పథకముపై రాతితో మెట్లుమెట్లుగా క్రొత్త డాకులు రూపొందుచుండెను. సముద్రపు పోటు సమయమున ఓడను డాకులోనికి తెచ్చి ద్వారములు మూయుదురు. ఆటు వచ్చినపుడు నీరు చాలభాగము తనంతట దిగిపోవును, మిగిలినదానిని తోడివేయుదురు. అప్పుడు ఓడ అడుగుభాగము పొడిగా బయటపడి మరమ్మతునకు వీలగును. ఓడను కట్టుట ఒక యెత్తు, కట్టినదానిని ఏండ్ల తరబడి కాపాడుకొనుట మరియొక యెత్తు.

స్పిట్‌హెడ్‌లో అడ్మిరల్ మిచెల్ ఆధ్వర్యమున అతని కొరకు ఒక నకిలీ యుద్ధమును జరిపించిరి. ఫిరంగులలో గుండ్లు లేకపోయినను, పొగ, మ్రోత, తెరచాపల విన్యాసము అన్నియు నిజమైన యుద్ధమున నుండునట్లే సాగెను. రష్యాకు జారుగా నుండుటకంటె ఇంగ్లండున అడ్మిరల్‌గా నుండుట మేలని అతడు తలచెనని చెప్పుకొందురు. ఆ ప్రయాణమున దారిలోని గొడాల్మింగ్ పూటకూళ్ళ యింట 21 మంది బృందము ఉదయపు ఫలహారమునకే ఏడు డజనుల గ్రుడ్లను, అరగొఱ్ఱెను, ఇరువదికి పైగా కోళ్ళను ఆరగించినట్లు లెక్క మిగిలియున్నది.

మూడున్నర మాసములుండి పీటరు ఇంగ్లండును విడిచెను. అతడు కుదుర్చుకొన్న నిపుణులు సుమారు 60 మంది. వారిలో హెన్రీ ఫార్కర్సన్ అను గణితాచార్యుడు ముఖ్యుడు. 1701లో మాస్కోలో గణిత, నౌకాయాన పాఠశాల వెలసెను. రెండేండ్లకు, 1703లో, అచ్చటి ఉపాధ్యాయుడు మాగ్నిత్స్కీ రష్యను భాషలో అంకగణితమును రచించి అచ్చువేయించెను. పరదేశపు విద్య స్వభాషలోనికి దిగిన ముహూర్తమది. అంతకుముందే, 1700లో, వొరోనెజ్‌లో 58 ఫిరంగుల యుద్ధనౌక నీట దిగెను. దాని పటము పీటరుదే. కట్టినవారు రష్యను పనివారు. అందరు విదేశీయులకును ఆదరము దక్కెనని చెప్పరాదు. కాలువల పనికి వచ్చిన జాన్ పెర్రీ ఏండ్ల తరబడి జీతమందక విసిగి 1712లో వెడలిపోయెను.

1700లో నార్వా యుద్ధమున స్వీడను వారికి ఫిరంగులన్నియు పోగొట్టుకొన్న పీటరు దేవాలయపు గంటలను సైతము కరగించి క్రొత్తవి పోయించెను. 1701లో ఉరల్ పర్వతములలోని నెవ్యాన్స్క్ కొలిమి ఇనుము నీయ నారంభించెను. కొన్ని దశాబ్దములకు ఉరల్ ఇనుము ఇంగ్లండునకే ఎగుమతి యయ్యెను. 1703లో నేవా నదీముఖమున సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరము మొదలయ్యెను. 1709లో పొల్టావాయందును, 1714లో హాంకో వద్ద సముద్రముపైనను విజయములు లభించెను. 1721 సంధితో బాల్టిక్ తీరము చేతికివచ్చి, పీటరు చక్రవర్తి బిరుదమును ధరించెను.

ఈ వైభవమునకు చెల్లించిన వెల సామాన్యమైనది కాదు. 1698లో మరల తిరుగబడిన స్త్రెల్త్సీలను వెయ్యిమందికి పైగా చంపించెను. బురదనేలలో నగరము కట్టుటకు బలవంతముగా తెచ్చిన పనివారు వేలాదిగా మడసిరి. తలపన్ను భారము రైతుపై పడెను. వారి దాస్యము మరింత బిగిసెను. కన్నకొడుకు అలెక్సీ 1718లో చిత్రహింసలపాలై చెరసాలలో మరణించెను. పీటరు లండనులో పార్లమెంటు సమావేశమును పైకప్పు కిటికీ గుండ చూచెనని చెప్పుదురు. రాజు యెదుట ప్రజాప్రతినిధులు నిర్భయముగా మాటాడుట అతడు చూచియుండును. కాని ఓడల పటములు రష్యాకు తరలినట్లు ఆ పద్ధతి తరలలేదు.

పోర్ట్స్‌మత్ పాఠమునకు చివరి పరీక్ష క్రోన్‌స్టాట్ ద్వీపమున ఎదురయ్యెను. బాల్టిక్ సముద్రమున ఆటుపోట్లు లేవన్నంత స్వల్పము. ఇంగ్లండున చంద్రుడు చేసిపెట్టు పని అచ్చట చేయువారు లేరు. చూచినదానిని చూచినట్లే కట్టినచో ఆ డాకు నీటిగుంట మాత్రమే యగును. అందుచే డాకుకంటె లోతుగా మరియొక కొలనును త్రవ్వించి, నీరు పల్లమునకు తనంతట పారి పోవునట్లు పథకము వేసిరి. 1719లో పని మొదలయ్యెను. పూర్తియగుట చక్రవర్తి చూడలేదు. అతడు 1725లో, 52 ఏండ్ల వయస్సున, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూసెను. 1752లో, కుమార్తె ఎలిజబెత్ పాలనలో, ఆ డాకు ప్రారంభమయ్యెను. గురువు చెప్పినదానిని అప్పగించుట విద్య కాదు. గురువు నేలపై లేని చిక్కు తన నేలపై వచ్చినపుడు విప్పుకొనగలుగుటయే విద్య.

భిలాయి వాసులకు ఈ కథ దూరపుది కాదు. 1955లో సోవియట్ యూనియనుతో ఒడంబడిక కుదిరెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. విశాఖ సముద్రతీరమున 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురా జలాంతర్గామియు పీటరు స్థాపించిన నగరముననే నిర్మింపబడినది. ఒకనాడు పోర్ట్స్‌మత్‌లో శిష్యుడైన దేశము మరియొకనాడు గురుస్థానమున నిలిచెను. భిలాయికి వచ్చిన రష్యను నిపుణులు తిరిగి వెళ్ళిరి. సోవియట్ యూనియను 1991లో అంతరించెను. కొలిమి మాత్రము ఆరలేదు. ఇచ్చటి పనివారు ఆ విద్యను తమదిగా చేసికొనిరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? పీటరు జీవితము చెప్పు రెండవ మాటయు మరువరానిది. కొలిమిని నిలిపిన చేతులను కాపాడుకొననిచో, ఎంత గొప్ప నిర్మాణమునకైనను ఒక ఋణము మిగిలిపోవును.