ఒక్కొక్క వారము ఒక్కొక్క భాగము
(రాషి అను యూదా బోధకుని జీవితము)

వాక్య పఠనము: నెహెమ్యా 8:1-12



ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథమును జనులయెదుట చదివినప్పుడు లేవీయులు వారి మధ్య నిలిచి దాని అర్థమును తెలియజెప్పిరి. గ్రంథము చదువువాడు కావలెను, అర్థము చెప్పువాడును కావలెను. ఈ నెల అట్టి అర్థము చెప్పిన ఒకని జీవితమును మనము ధ్యానింతము.

మోషే వ్రాసిన అయిదు కాండములను యూదులు తోరా అందురు. దానిని 54 భాగములుగా విభజించి, ప్రతి విశ్రాంతి దినమున ఒక భాగము, కొన్ని వారములలో రెండు భాగములు చదివి, సంవత్సరములో ముగింతురు. పర్ణశాలల పండుగ ముగింపున ద్వితీయోపదేశకాండము కడపటి మాటలు చదివి, అప్పుడే ఆదికాండము మరల మొదలుపెట్టుదురు. మన తెలుగు నేలమీదనే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరనున్న కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము అను పేరుగల కొన్ని కుటుంబములవారు గత శతాబ్దపు చివరి నుండి యూదుల ఆచారములను అనుసరించుచు, దేశాంతరముల నుండి వచ్చిన బోధకుల యొద్ద హెబ్రీ ప్రార్థనలను, పండుగల క్రమమును నేర్చుకొనిరి. తోరా నేర్చుకొనువారు ఏ దేశమువారైనను ఒక గురువు పేరు వినక మానరు. ఆయనే రాషి.

ఆయన అసలు పేరు రబ్బీ షెలోమో బెన్ యిస్హాకు. మన బైబిలు భాషలో చెప్పవలెనన్న ఇస్సాకు కుమారుడైన సొలొమోను. రబ్బీ అను బిరుదు, తన పేరు, తండ్రి పేరు, వీటి మొదటి అక్షరములు కలిపి జనులు రాషి అనిరి. ఆయన 1040 ప్రాంతమున ఫ్రాన్సు దేశములోని త్రువా పట్టణమున జన్మించెను. యౌవనమందే వివాహమై, విద్య కొరకు ఇల్లు విడిచి రైన్ నది తీరమునకు పోయెను. మైంజ్ పట్టణమున యాకోబు బెన్ యాకార్ అను గురువు యొద్దను, పిమ్మట వర్మ్స్ పట్టణమున మరియొక గురువు యొద్దను కూర్చుండి నేర్చుకొనెను. 1521లో మార్టిన్ లూథరు చక్రవర్తి యెదుట నిలిచిన వర్మ్స్ ఇదే. ఆ దినములలో తినుటకు చాలినంత లేక, కట్టుకొనుటకు సరియైన వస్త్రము లేక, సంసార భారము మెడకు తిరుగటిరాయి వలె ఉండగా చదివితినని రాషి తరువాత జ్ఞాపకము చేసికొనెను. తన గురువు యాకోబు, అందరు త్రొక్కి నడుచు గడప వలె తన్ను తాను తగ్గించుకొనెనని కూడ చెప్పెను.

సుమారు 1070లో స్వగ్రామమైన త్రువాలో రాషి పాఠశాల స్థాపించెను. ఆయనకు కుమార్తెలే గాని కుమారులున్నట్లు తెలియదు. అల్లుండ్రును మనుమలును ఆ పాఠశాలలోనే గొప్ప పండితులైరి. తోరా యంతటికిని, పాత నిబంధనలోని ఇతర గ్రంథములలో చాల వాటికిని, యూదుల పెద్ద గ్రంథమైన తల్మూదులో అధిక భాగమునకును ఆయన వ్యాఖ్యానము వ్రాసెను.

ఆయన వ్రాసిన తీరు గమనించుడి. మాటలు కొద్ది, అర్థము తేట. హెబ్రీ మాట కష్టమైన చోట తన ఊరివారు ఇంటిలోను అంగడిలోను మాటలాడు ఫ్రెంచి మాటనే హెబ్రీ అక్షరములలో వ్రాసి చూపెను. అట్టి మాటలు ఆయన గ్రంథములలో 3,000కు పైగా కలవు. తెలియని చోట తెలియదని వ్రాసెను. ఆదికాండము 28:5లో రిబ్కాను యాకోబు ఏశావుల తల్లియని మరల చెప్పుట ఎందుకో తనకు తెలియదని ఒప్పుకొనెను. యెహెజ్కేలు గ్రంథ వ్యాఖ్యలో తాను పొరబడిన సంగతి ఒక ఉత్తరములో ఒప్పుకొని, షెమయా అను శిష్యునితో కూర్చుండి సరిదిద్దెను.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. మేము సెమినరీ చదువు ముగించి చిట్యాల ప్రాంతమునకు వచ్చిన క్రొత్తలో, పత్తి ఏరు కూలికి పోవు ఒక తల్లి, లేవీయకాండము 19వ అధ్యాయములో బొచ్చును నారయు కలిసిన బట్ట కట్టుకొనకూడదని ఎందుకున్నదని అడిగెను. మాకు తెలియదు. అయినను పాదిరిగారికి తెలియదన్న మాట సంఘములో పుట్టకూడదని, అప్పటికప్పుడు ఒక కారణము కల్పించి చెప్పితిమి. ఆమె నమ్మి, వాడకట్టువారికందరికి చెప్పెను. చాల కాలమునకు రాషి వ్యాఖ్య సంగతి చదివితిమి. అట్టి కట్టడ రాజాజ్ఞ వంటిదనియు, దానికి కారణము చెప్పబడలేదనియు ఆ మహాపండితుడు వ్రాసియుండెను. మేము సిగ్గుపడితిమి. మరుసటి ఆదివారము ఆ తల్లి యెదుటను సంఘము యెదుటను తప్పు ఒప్పుకొంటిమి. ఆమె నవ్వి, అట్లయితే తన మనస్సులోనున్న తక్కిన ప్రశ్నలు కూడ ఇక అడుగవచ్చునని చెప్పెను.

రాషి చివరి సంవత్సరములు దుఃఖముతో నిండినవి. 1096లో యెరూషలేమునకు యుద్ధయాత్ర బయలుదేరిన మూకలు సిలువ గుర్తు ధరించి, ఆయన చదువుకొనిన మైంజ్, వర్మ్స్ పట్టణములలో యూదులను స్త్రీలనక పిల్లలనక చంపిరి. కొందరికి బలవంతముగా బాప్తిస్మమిచ్చిరి. ఇది మన ప్రభువు పేరట జరిగెను గనుక మనము కప్పిపుచ్చరాదు. అట్లు బలవంతముగా బాప్తిస్మము పొంది తిరిగి వచ్చిన యూదుల విషయమై రాషి తీర్పు ఏమనగా, వారిని వేరుపరచకూడదు, సిగ్గుపరచకూడదు. కరవుకో భయమునకో లొంగి తొలగిపోయి తిరిగి వచ్చిన వానిని మన సంఘములలో ఎట్లు చూచుచున్నాము? గుడిలోనికి రానిచ్చియు, బల్ల యొద్ద పాత మాట ఎత్తి పొడుచుట లేదా?

1105లో ఆయన మరణించెను. విడిచిన పని అల్లుడును మనుమడును కొంత పూర్తిచేసిరి. తోరాకు ఆయన వ్యాఖ్య 1475లో ఇటలీలో అచ్చయ్యెను. తేదీతో అచ్చయిన హెబ్రీ గ్రంథములలో అదియే మొదటిది. నికొలాసు ఆఫ్ లైరా అను క్రైస్తవ సన్యాసి రాషి వ్యాఖ్యలను విస్తారముగా వాడుకొనెను. ఆయన గ్రంథములను లూథరు చదివెను. ఆ విధముగా ఈ యూదా గురువు చెప్పిన అర్థములు మన సంఘ పితరుల వరకు వచ్చెను. నేటికిని యూదులు వారపు భాగమును రాషితో కలిపి చదువుదురు.

ప్రియులారా, మనము నచ్చిన వచనములు ఏరుకొని, కష్టమైన అధ్యాయములను దాటిపోవుచున్నాము. ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో చదువుచు, త్రోవ చూపువాడు లేనిదే తెలియదని ఒప్పుకొనినందుననే ఫిలిప్పు అతని ప్రక్కను కూర్చుండెను. ఈ నెలనుండి ప్రతి ఇంట ఆదికాండము మొదలుకొని వారమునకొక భాగము చదువుదము. చదువురానివారికి బడికి పోవు పిల్లలు చదివి వినిపింపవలెను. తెలియనిది గుర్తుపెట్టుకొని బుధవారపు కూటమునకు తెండి. మాకు తెలిసినది మన ఊరి మాటలలో చెప్పెదము. తెలియనిది తెలియదని చెప్పి, మీతో కూడ వెదకెదము.

ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.