రాళ్లను చదివిన రాబర్టు బ్రూస్ ఫూటుగారు

మన బాలబాలికలు సెలవు దినములలో కొండవాగుల వెంట తిరిగి వింతయైన రాళ్లను ఏరి తెచ్చుచుందురు. ఒకటి ఎముకవలె నుండును. ఒకటి గుడ్డువలె నుండును. మఱియొకదానిపై ఆకుముద్రవంటి గీతలు కానవచ్చును. ఇది శిలాజమా, వట్టి రాయియా యని వారు అడుగుదురు. ఇట్టి ప్రశ్నకు తొందరపడక ఓర్పుతో ఉత్తరము రాబట్టు పద్ధతిని మన సీమలోనే ఆచరించి చూపిన మహనీయుడు రాబర్టు బ్రూస్ ఫూటుగారు. వారి జీవితమును ఇచట సంగ్రహముగా చెప్పదలచితిమి.

ఫూటుగారు 1834వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లాండులోని చెల్టెన్‌హాము పట్టణమున జన్మించిరి. 1858లో భారతదేశ భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగము స్వీకరించి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిరి. ఏ రాయి ఏ పొరలోనిది, ఏ పొరపై ఏ పొర యున్నది యని చూచి పటము గీయుటయే వారి పని. ఆ పని బల్లయొద్ద కూర్చుండి చేయునది కాదు. ఎండలో నడచుచు, సుత్తెతో రాతిని పగులగొట్టి చూచుచు, ఊరూర గుడారము వేసికొనుచు చేయవలసినది. మిషనరీయు, తమిళ పండితుడును నైన పీటరు పెర్సివల్‌గారి కుమార్తెను వారు వివాహమాడిరి.

ఆ దినములలో యూరపు ఖండమున ఒక గొప్ప వివాదము జరుగుచుండెను. ఫ్రాన్సు దేశమున సొమ్ము నదీతీరపు గులకపొరలలో బూషే ద పెర్తు అను నాతడు చెక్కిన చెకుముకిరాళ్లను కనుగొని, ఇవి అతిప్రాచీన మానవుల పనిముట్లని చెప్పెను. చాలమంది ఏండ్ల తరబడి నమ్మలేదు. 1859లో ఇంగ్లాండునుండి ప్రెస్ట్‌విచ్, ఎవాన్స్ అను విద్వాంసులు పోయి, స్వయముగా ఆ పొరలను పరీక్షించిన పిమ్మట సందేహము తొలగెను. ఈ వార్త ఫూటుగారి మనస్సులో నాటుకొనెను. మన దేశపు గులకపొరలలో అట్టివి ఏల దొరకరాదని వారు వెదకసాగిరి.

1863వ సంవత్సరము మే 30వ తేదీన, మద్రాసునకు చేరువనున్న పల్లావరమున, సైనికుల కవాతు మైదానము దగ్గర గులకరాళ్లకై త్రవ్విన గోతియొద్ద వారికి ఒక రాయి కంటబడెను. ఏటిలో దొరలిన రాయి అన్నివైపుల నునుపై గుండ్రనగును. ఈ రాయి అట్లు లేదు. రెండు ముఖములనుండియు పెచ్చులు వరుసగా ఊడదీయబడినవి. అంచు పదునుగా దీర్పబడినది. ఇది చేతిగొడ్డలియని వారికి తోచెను. భారతదేశమున పాతరాతియుగపు పనిముట్టుగా గుర్తింపబడిన మొదటి రాయి ఇదియే.

అయినను ఫూటుగారు అంతటితో తృప్తి చెందలేదు. రాయి ఒక్కటే. అది గోతినుండి వెలికిదీసిన రాళ్లలో దొరకినది గాని పొరలో అమరి యుండగా దొరకినది కాదు. ఇటీవల పైనుండి పడినదని ఎవరైన ఆక్షేపించినచో బదులు చెప్పుట కష్టము. కావున వెదకుట మానక, అదే సంవత్సరము సెప్టెంబరు నెలలో తమ సహోద్యోగియగు విలియం కింగ్‌గారితో కూడి, కొర్తలయారు నదీ ప్రాంతమందలి అత్తిరంపాక్కము గ్రామమునకు పోయిరి. అచటి వాగునందు అనేకమైన పనిముట్లు లభించెను. ఎఱ్ఱని లాటరైటు పొరలోనే గట్టిగా అతుకుకొని యున్నవియు కనబడెను. ఒక రాయి చెప్పజాలని సాక్ష్యమును పలు రాళ్లును, వాటిని పట్టియున్న పొరయు చెప్పినవి.

మన విద్యార్థులు గమనింపవలసిన విషయము మఱియొకటి కలదు. ఈ పనిముట్లు ఫ్రాన్సులోవలె చెకుముకితో చేసినవి కావు; క్వార్ట్‌జైటు అను మిక్కిలి కఠినమైన రాతితో చేసినవి. ఆ రాతికి పుట్టినిల్లు మన నగరి, తిరుపతి కొండల వరుసయే. కింగ్‌గారు 1872లో ప్రకటించిన గ్రంథమున నగరి పేరనే ఆ రాతికి నామకరణము చేసిరి. ఆ కొండలు అరిగి రాలిన రాళ్లు దొరలి, సత్యవేడు ప్రాంతపు గుట్టలలో గులకపొరలై పేరుకొనినవి. అట్టి గులకలనే ఆదిమానవుడు ఏరుకొని గొడ్డలిగా చెక్కెను.

ఫూటుగారు తాము చూచినదానిని 1866లో మద్రాసు, ఉత్తర ఆర్కాటు జిల్లాల రాతి పనిముట్లపై వ్యాసముగా ప్రకటించిరి. ఆనాడు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. పాలారు నదికి ఉత్తరమున నున్న ఈ ప్రదేశముల భూగర్భ విషయములను 1873లో మఱియొక గ్రంథమున వివరించిరి. శ్రీపెరంబుదూరు వైపు పలకబారిన మెత్తని రాతిపొరలలో నిజమైన ఆకుల శిలాజములు కలవు. వాటిని ఫైస్ట్‌మాంటెల్ అను పండితుడు 1879లో వర్ణించెను.

తరువాత కర్నూలు సీమలో, బేతంచర్లకు సమీపమున నున్న బిల్లసర్గము గుహలలో ఎముకల పరీక్ష తటస్థించెను. న్యూబోల్డు అను సైనికోద్యోగి 1844లోనే వాటిని గూర్చి వ్రాసియుండెను. 1884 ప్రాంతమున ఫూటుగారును, వారి కుమారుడు హెన్రీగారును ఆ గుహలను త్రవ్వి ఎముకలను సేకరించిరి. తాము ఎముకల నిపుణులు కారని యెఱిగి, వాటి గుర్తింపును లిడెక్కరు అను నిపుణునికి వదలిరి. ఆయన వాటిలో ఒక ఖడ్గమృగమును గుర్తించి కర్నూలు పేరు పెట్టెను. తనకు తెలియని దానిని తెలిసినవానికి చూపుట పండితునకు చిన్నతనము కాదు.

1891లో ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట ఫూటుగారు బరోడా, మైసూరు సంస్థానములలో పనిచేసిరి. సేలము జిల్లా కొండలపై ఏర్కాడున నివసించిరి. నలువది యేండ్లు కూర్చిన వారి రాతి పనిముట్లు 1904లో మద్రాసు మ్యూజియమునకు చేరినవి. ఏ వస్తువు ఏ ఊర దొరకెనో తెలుపు పట్టికను వారే సిద్ధపఱచిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారు మరణించిరి. పట్టిక 1914లో అచ్చయ్యెను.

ఆ పనిముట్ల వయస్సును ఏండ్లలో లెక్కించు సాధనము వారి కాలమున లేదు. 2011లో శాంతి పప్పుగారును, వారి తోడివారును అత్తిరంపాక్కపు రాళ్లను పరీక్షించి, అచటి తొలి పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరముల నాటివని ప్రకటించిరి. దొరకిన చోటు పేరు ఫూటుగారు వ్రాసి పెట్టకున్నచో, నూటయేబది యేండ్లకు తరువాతివారు ఆ వాగునకే తిరిగి వచ్చి త్రవ్వుట సాధ్యమయ్యెడిదా?

కావున విద్యార్థులారా, వింతరాయి కనబడినపుడు ముందు రాతిని గాక చోటును చూడుడు. తిరుమల కొండల క్వార్ట్‌జైటు 160 కోట్ల సంవత్సరములకు పైబడినది. ఎముకగల జంతువులు పుట్టి ఇంచుమించు 50 కోట్ల సంవత్సరములే యైనది. కావున ఆ రాతిలో ఎముక యుండజాలదు. దానిపైని అలలవంటి గీతలు పూర్వపు నీటి యలల గుర్తులు. రాతి పగుళ్లలో చెట్టుకొమ్మలవలె వ్యాపించిన నల్లని గీతలు తఱచుగా మాంగనీసు మరకలు గాని ఆకులు కావు. ఇది శిలాజము కాదని నిశ్చయించుటయు జ్ఞానమే.

దొరకిన చోటు, తేదీ, పొర రంగు వ్రాసికొనుడు. పొరలో బిగిసియున్న దానిని పెఱికివేయకుడు. తిరుపతి విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర శాఖవంటి చోట తెలిసినవారి నడుగుడు. చోటు తెలియని రాయి ఎంత వింతదైనను మూగది. చోటు తెలిసినచో పాదమునకు తగిలిన గులకరాయి సైతము ఒక దేశపు చరిత్రను మార్చగలదని ఫూటుగారి జీవితము మనకు బోధించుచున్నది.